ఋణక్షమాపణ – పాలెం పంతులు

తెలుగు బైబిలులో ప్రభువు ప్రార్థన రెండు చోట్ల కనబడుతుంది. లూకా సువార్తలో దేవుణ్ణి క్షమించమని అడిగేది పాపాలను. మత్తయి సువార్తలో అడిగేది ఋణాలను. కొన్ని సంఘాల ఆరాధన పుస్తకాలు ఈ రెంటినీ విడిచి అపరాధమనే మాట వాడతాయి. ఈ తేడా అనువాదకుల ఇష్టాయిష్టాల వల్ల పుట్టింది కాదు. యేసు మాట్లాడిన అరామిక్ భాషలో అప్పుకూ పాపానికీ ఒకటే మాట ఉండేది. రెండువేల ఏళ్ళ కిందట గలిలయ కూలివాడికి అప్పు అంటే ఏమిటో ఎవరూ వ్యాఖ్యానం చెప్పనక్కరలేదు. నూటయాభై ఏళ్ళ కిందట ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెలో పుట్టినవాడికీ చెప్పనక్కరలేదు. అతడు అప్పులోనే పుట్టేవాడు. తండ్రి తీసుకున్న అప్పు కింద కామందు ఇంట పాలేరుగా కుదిరేవాడు. తన పెళ్ళికి మళ్ళీ అప్పుచేసి, దానిని కొడుకు నెత్తిన పెట్టి పోయేవాడు.

అటువంటి మనిషికి క్రైస్తవ మిషన్లు క్షమాపణ అనే పాఠం ఇచ్చాయి. తాను నేర్చుకోవడానికే గాక, పదిమందికీ నేర్పడానికి కూడా ఇచ్చాయి. అందుకోసం అతణ్ణి పాఠశాలలో కూర్చోబెట్టి పంతులుగా తయారుచేశాయి. క్షమాపణ బోధకూ, ఉపాధ్యాయ శిక్షణకూ నడుమ మన తెలుగుదేశంలో ఏర్పడిన సంబంధం ఎటువంటిది? దానివల్ల ఎవరికి ఏమి ఒరిగింది? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది ఇదే. నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను. క్షమాపణ బోధ పీడితుణ్ణి ఓర్పువైపు లాగింది. ఉపాధ్యాయ శిక్షణ అతని చేతికి లెక్కను ఇచ్చింది. ఈ రెండు పనులూ ఒకే కప్పు కింద, ఒకే పంతులు నోట జరిగాయి. లెక్క తెలియనివాడు క్షమించలేడు; వదులుకుంటాడు, అంతే. లెక్క తెలిసినవాడు క్షమించినా, క్షమించకపోయినా, అది అతడు చేసుకున్న నిర్ణయం అవుతుంది. మిషన్ల చరిత్రలో అభ్యుదయకరమైన అంశం ఏదైనా ఉన్నదంటే అది ఇక్కడ ఉన్నది.

ఈ చరిత్రను గురించి మన పక్షాన జరిగిన ఆలోచన తక్కువ. మిషనరీ సామ్రాజ్యవాదానికి తొత్తు అని ఒక్క మాటతో తేల్చివేయడం మనలో చాలామందికి పరిపాటి. అటువైపు వారు మిషనరీని పుణ్యపురుషుడుగా చిత్రించి, పాలెం జనాన్ని అతని దయకు పాత్రులైన మందగా చూపించారు. ఈ రెండు అంచనాలలోనూ ఒక మనిషి లోపించాడు. పగలు మాలపల్లె పిల్లలకు ఓనమాలు దిద్దించి, పొద్దుగూకాక పశువుల వెంట నుంచి వచ్చిన కుర్రవాళ్ళకు రాత్రిబడి నడిపి, ఆదివారం వాక్యం చెప్పి, నెలకు రెండు మూడు రూపాయలతో సంసారం గడుపుకున్న ఉపదేశి అతడు. తెలుగు సంఘాలను నిలబెట్టింది దొరలు కారు, ఇతడు.

ముందుగా ఒంగోలు సంగతి చూద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. అదే 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందాడు. అతడు తోళ్ళ బేరం మీద ఊరూరా తిరిగే మనిషి; అంతకుముందే యోగమార్గంలో గురువును వెతికినవాడు. క్లౌ కన్న ముందు ఆ ప్రాంతపు మాదిగపల్లెలలోకి ఈ బోధను మోసుకువెళ్ళింది పేరయ్యే. ఒంగోలులో దొర పెట్టిన బడికి మొదట వచ్చినది పై కులాల పిల్లలు. మాదిగలను సంఘంలో చేర్చుకోగానే వాళ్ళు బడి విడిచిపోయారు. దొర ఎవరినో ఒకరిని ఎంచుకోక తప్పలేదు, మాదిగలను ఎంచుకున్నాడు. ఈ ఎంపికలో దయాధర్మాల పాలు ఎంతైనా, చరిత్ర దృష్టిలో గుర్తించవలసినది మరొకటి ఉంది. తలుపు తట్టినవాళ్ళు మాదిగలు. వాళ్ళు పిలవకపోతే దొర ఆ పల్లెలలోకి పోయి ఉండేవాడు కాదు.

సంఘంలో చేరిన మాదిగ మూడు పనులు మానుకోవాలని నియమం పెట్టారు: ఆదివారం పని చేయకూడదు, గ్రామదేవత కొలువులో డప్పు కొట్టకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. పైకి ఇవి మతనియమాలు. కాని గ్రామ ఆర్థిక వ్యవస్థలో వాటి అర్థం వేరు. మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, మోటకు తోలు బొక్కెన ఇవ్వాలి, పిలిచినప్పుడు వెట్టికి రావాలి, జాతరకు డప్పు కొట్టాలి. అందుకు ప్రతిఫలంగా కల్లం దగ్గర అతనికి మేర కొలుస్తారు. వారంలో ఒకరోజు రానంటే, డప్పు కొట్టనంటే, ఆ కట్టుబాటుకు గండి పడినట్టే. కరణాలకూ మోతుబరులకూ ఈ సంగతి మిషనరీ కంటే ముందే అర్థమైంది. నీళ్ళు ఆపారు, పనులు ఆపారు, తప్పుడు కేసులు పెట్టారు. క్షమాపణ బోధకు మొట్టమొదటి పరీక్ష ఇక్కడే వచ్చింది. కొట్టినవాణ్ణి క్షమించమని పంతులు చెప్పవలసి వచ్చింది. అదే పంతులు దెబ్బలు తిన్నవాడి తరఫున దొరకు చీటీ రాయవలసి వచ్చింది. ఒక చేత క్షమ, ఒక చేత అర్జీ. ఈ వైరుధ్యం ఆ తరువాత ఎన్నడూ తెగలేదు.

1876–78 కరువు ఈ వైరుధ్యాన్ని మరింత బయటపెట్టింది. మద్రాసు రాజధానిలో లక్షలాది జనం చనిపోతున్న ఆ రోజులలో, సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనుల కూలిని మనిషికి రోజుకు 1 పౌను ధాన్యం, దానిమీద ఒక అణా అనే స్థాయికి దించాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మాల మాదిగలను మేస్త్రీలు కొట్టి, కూలి కాజేస్తున్నారని తెలిసి, క్లౌ మూడు నాలుగు మైళ్ళ కాలువ తవ్వకాన్ని తానే కంట్రాక్టుకు తీసుకున్నాడు. దానిమీద మేస్త్రీలుగా తన ఉపదేశులను పెట్టాడు. ఈ సంగతిని క్రైస్తవ చరిత్రకారులు సేవా దృష్టాంతంగా చెబుతారు. నాకు అందులో మరొక విశేషం కనబడుతుంది. అంతకుముందు మాదిగ పేరు లెక్కలోకి ఎక్కితే అది అప్పు లెక్క, రాసేవాడు కరణం. ఇక్కడ తమ కులంవాడే మేస్త్రీగా నిలబడి, ఎవరు ఎంత మట్టి తీశారో, ఎవరికి ఎంత కూలి రావాలో చూశాడు. ఇది చిన్న మార్పు కాదు.

కరువు సాగినంతకాలం, తిండికోసం వచ్చారనే మాట పడకూడదని క్లౌ బాప్తిస్మాలు ఆపివేశాడు. తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొద్ది నెలలలో ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. జనం వచ్చారు సరే. వాళ్ళకు చెప్పేవాళ్ళు ఎవరు? వందల పల్లెలకు వందల పంతుళ్ళు కావాలి. మిషన్ల చరిత్రలో ఉపాధ్యాయ శిక్షణ అనే పని ప్రధానమైనది ఈ అవసరం వల్లనే. 1870ల తొలినాళ్ళలోనే రామపట్నంలో బాప్టిస్టులు సెమినరీ పెట్టారు. గుంటూరులో 1842లో అడుగుపెట్టిన హేయరు నాటినుంచి లూథరన్లకు బడులు నడపడం అలవాటే. మెదకులో వెస్లియనులు, దోర్నకల్లులో ఆంగ్లికనులు ఇదే బాట పట్టారు.

ఈ శిక్షణశాలలకు వచ్చిన విద్యార్థి ఎవరు? పాలేరు కొడుకు, కొద్దిగా కూడబలుక్కుని చదవగలవాడు, తరచు పెళ్ళయినవాడు. చాలాచోట్ల భార్యకూ చదువు చెప్పారు. ఎందుకంటే పల్లెలో ఆడవాళ్ళ దగ్గరికి ఆమే పోవాలి. ఒక మాదిగ దంపతులు ఇద్దరూ పలకా బలపం పట్టి ఒకే ప్రాంగణంలో చదవడం ఆనాటి తెలుగుదేశంలో మరెక్కడ జరిగింది? బ్రాహ్మణ వితంతువుకు చదువు కావాలని వీరేశలింగం పోరాడుతున్న కాలంలోనే, ఎవరూ గుర్తించకుండా, పాలెంలో ఈ పని సాగుతున్నది. మన సంస్కరణోద్యమ చరిత్రలలో దీనికి ఒక పుట కూడా దక్కలేదు.

శిక్షణశాలలో బోధించినవి రెండు రకాలు. ఒకటి బైబిలు, ప్రశ్నోత్తరాల పుస్తకం, కీర్తనలు. రెండోది చదవడం, రాయడం, లెక్కలు. మొదటిది మిషను అవసరం. రెండోది మొదటిదానికి నిచ్చెన మాత్రమేనని మిషను అనుకుంది. కాని సర్కారు అలా అనుకోలేదు. 1854 నాటి వుడ్ పత్రం తరువాత ప్రైవేటు బడులకు గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. 19వ శతాబ్దపు చివరి భాగంలో మద్రాసు రాజధానిలో పరీక్షా ఫలితాలను బట్టి గ్రాంటు లెక్కగట్టే విధానం నడిచింది. ఆ పరీక్షలో ఇన్‌స్పెక్టరు పిల్లవాణ్ణి పాపం ఒప్పుకొమ్మని అడగడు, కూడికా తీసివేతా చేయమంటాడు. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీరు పరయల దుస్థితిపై రాసిన నివేదిక పుణ్యమా అని, 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల విద్యకు ప్రత్యేక ఉత్తరువులు ఇచ్చింది. శిక్షణ పొందే పంచమ ఉపాధ్యాయులకు వేతనాలు ఏర్పరిచింది. అంటే పాలెం పంతులుకు ఇద్దరు యజమానులు ఏర్పడ్డారు: ఆత్మను అడిగే మిషనరీ, అంకగణితాన్ని అడిగే ఇన్‌స్పెక్టరు. వలస ప్రభుత్వం తన గుమాస్తా అవసరం కోసం, తన పద్దుల పిచ్చితో చేసిన ఈ ఏర్పాటు, దాని ఉద్దేశానికి మించిన ఫలితం ఇచ్చింది. వడ్డీ లెక్క తెలిసిన మాల మాదిగ కుర్రవాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో తయారయ్యారు. వేలిముద్ర వేసే ముందు నోటులో ఏమి రాసివుందో చదివి చెప్పగలిగినవాడు ఇప్పుడు పాలెంలోనే ఉన్నాడు.

ఇక క్షమాపణ పాఠం దగ్గరికి వద్దాం. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఒక కథ ఉంది. ఒక రాజుకు ఒక సేవకుడు పదివేల తలాంతులు బాకీ. తీర్చలేనని కాళ్ళ మీద పడితే రాజు ఆ అప్పంతా కొట్టివేస్తాడు. ఆ సేవకుడే బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు బాకీపడ్డ తోటి సేవకుడి గొంతు పట్టుకుని చెరసాలలో వేయిస్తాడు. రాజుకు తెలిసి మొదటివాణ్ణి శిక్షిస్తాడు. క్షమించనివాడికి క్షమ లేదనేది నీతి. పదివేల తలాంతులంటే ఒక రాజ్యపు శిస్తు అంత. నూరు దేనారాలంటే కూలివాడికి సుమారు నూరు రోజుల కూలి.

ఈ కథను పాలెంలో చెబితే విన్నవాడికి గొంతు పట్టుకున్నవాడు ఎవరుగా కనబడతాడు? నిస్సందేహంగా కామందు. దేవుడి సొత్తయిన నేలను, నీటిని అనుభవిస్తూ, పుట్టెడు గింజల కోసం మనిషిని తరతరాలు కట్టివేసినవాడు అతడే గదా! కాని పంతులుకు నేర్పిన వ్యాఖ్యానం అది కాదు. నీ పాపాలు దేవుడు క్షమించాడు కాబట్టి నీవు నీ పొరుగువాణ్ణి క్షమించు అన్నదే వ్యాఖ్యానం. ఆ విధంగా, కథలో పెద్ద బాకీదారు స్థానంలో పాలేరును నిలబెట్టారు. అప్పిచ్చినవాడు కథలోనుంచి తప్పుకున్నాడు. ఎందుకిలా జరిగింది? కామందు చర్చికి రాలేదు కాబట్టి. ఒంగోలులో పై కులాల పిల్లలు బడి విడిచిపోయిన నాడే ఇది నిర్ణయమైంది. చర్చిలో ఉన్నవాళ్ళు అన్యాయానికి గురైనవాళ్ళు మాత్రమే. అన్యాయం చేసినవాళ్ళు బయట ఉన్నారు. పశ్చాత్తాపపడవలసినవాడు లేని గదిలో పశ్చాత్తాపం బోధిస్తే, అది ఉన్నవాడి మీదనే పడుతుంది. తాగుడు, కొట్లాట, డప్పు, పచ్చిగొడ్డు—ఇవే పాపాల పట్టికలో పైకి వచ్చాయి. వెట్టి చేయించడం ఆ పట్టికలో అట్టడుగుకు పోయింది.

ఇందులో మిషనరీల వర్గస్వభావం ఉన్నది. నిజమే, కాని దానితో తీర్పు ముగించడం శాస్త్రీయం కాదు. పాలెం లోపలి జీవితంలో ఈ క్షమాపణ పాఠానికి విలువ లేకపోలేదు. మాలకూ మాదిగకూ నడుమ ఉన్న దూరం మనకు తెలియనిది కాదు. ఒంగోలు బాప్టిస్టు సంఘాలలో మాదిగలు అధికం. గుంటూరు లూథరన్, ఆంగ్లికన్ సంఘాలలో మాలలు అధికం. అంటే కులం దొరల మిషన్లను కూడా పంచుకుంది. ఈ రెండు కులాలవారూ ఒకే గిన్నెలోని ద్రాక్షారసం తాగవలసిన చోటు ప్రభువు బల్ల ఒక్కటే. ఆ బల్ల దగ్గరికి వచ్చేముందు తోటివాడితో ఉన్న కక్ష విడవాలని నియమం. అది అన్నిచోట్లా పాటించారని ఎవరూ అనలేరు. పాటించవలసిందని ఒకరు పట్టుపట్టడమే కొత్త సంగతి.

ఆ పట్టుపట్టినవాడు దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తమిళదేశంలో నాడారు కులంలో పుట్టాడు. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో సొంతంగా ఏర్పరచుకున్న భారతీయ మిషనరీ సంఘం తరఫున 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్లుకు వచ్చాడు. 1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదనే, మీరు మాకు త్యాగాలు చేస్తున్నారు గాని స్నేహం ఇవ్వడం లేదని చెప్పి కలవరం పుట్టించాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొట్టమొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందాడు. నల్ల బిషప్ కింద పనిచేయడమేమిటని గొణిగిన తెల్లవారు లేకపోలేదు. అంటే క్షమాపణను బోధించడానికి వచ్చిన సంస్థలోనే క్షమించవలసిన సంగతులు మిక్కుటంగా ఉన్నాయి. అజరయ్య వాటిని క్షమించాడో లేదో గాని, మరచిపోలేదు. ముఖం మీద చెప్పాడు. లెక్క చెప్పి క్షమించడం అంటే అది.

దోర్నకల్లులో ఆయన ముఖ్యమైన పని పల్లె పంతుళ్ళ శిక్షణ. మాల, మాదిగ విద్యార్థులను ఒకే చోట ఉంచి, ఒకే పంక్తిన భోజనం పెట్టించాడు. ఎందరో వెళ్ళిపోతామన్నా వెనుదీయలేదు. ఉపదేశి ఇతరులకు క్షమ బోధించే ముందు, తన పక్క విస్తరిలో అన్నం తినేవాణ్ణి మనిషిగా ఒప్పుకోవాలి. ఉపాధ్యాయ శిక్షణలో ఇంతకంటే ముఖ్యమైన పాఠం నాకు కనబడదు. మన ప్రభుత్వ శిక్షణ కళాశాలలలో మనస్తత్వశాస్త్రం, బోధనాపద్ధతులు చెప్పారు. ఈ పాఠం మాత్రం చాలాకాలం పాఠ్యప్రణాళికలో లేదు.

1936, 37 సంవత్సరాలలో గాంధీజీకీ అజరయ్యకూ తీవ్రమైన వాదం జరిగింది. 1935లో అంబేద్కర్ హిందువుగా చావనని ప్రకటించిన నేపథ్యం అది. హరిజనులకు ఒక మతాన్ని మరొక మతంతో పోల్చి ఎంచుకునే తెలివి లేదనీ, సామూహిక మతాంతరం ప్రలోభమేననీ గాంధీజీ వాదం. మతాంతరం మీద మనకు ఏ అభిప్రాయమైనా ఉండవచ్చు గాక, తెలివి లేదన్న మాటను మాత్రం ఒప్పుకోలేము. దానికి సమాధానం వాదనలలో లేదు, బడులలో ఉంది. చదువు చెప్పే మాదిగ పంతులు పల్లెలో నిలబడ్డాక ఆ మాట దానంతటదే అబద్ధమైపోయింది.

ఈ శిక్షణ వ్యవస్థ ఎంత ఇచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పడానికి మహాకవి జాషువ జీవితం చాలు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువ యౌవనంలో మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పనిచేశాడు. తరువాత గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణశాలలో సుమారు పదేళ్ళు పాఠం చెప్పాడు. పల్లెలకు పోయే పంతుళ్ళను తీర్చిదిద్దిన చేయి అది. పురాణేతివృత్తాలతో పద్యం రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయనను దూరం పెట్టారు. కులం అడిగి పండితులు దూరం పెట్టారు. క్షమను బోధించిన సంఘం తన పంతులు పద్యం రాసిన నేరాన్ని క్షమించలేకపోయింది! జాషువ ఏమి చేశాడు? 1941లో గబ్బిలం రాశాడు. అరుంధతీ సుతుడైన ఒక పేదవాడు కాశీలోని శివుడికి గబ్బిలం ద్వారా సందేశం పంపడం అందులో కథ. ఆ కావ్యంలో కథానాయకుడు తన పాపాలకు క్షమాపణ అడగడు. తనకు రావలసిన బాకీని అడుగుతాడు. దేవుడి ముందుకు పోతూ లెక్కల పుస్తకం వెంట పట్టుకుపోయిన మొదటి తెలుగు నాయకుడు అతడేనని నేను అంటాను.

ఇదే ప్రశ్నను అంతకు ముందే ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి నవలలో వేశాడు. 1922లో వచ్చిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అందులోని రామదాసు క్రైస్తవుడు కాడు, వైష్ణవ భక్తుడు. కొడుకు సంగదాసు కామందు చేతిలో చనిపోతే పగబట్టడు. మరో కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై తిరగబడతాడు. క్షమించిన తండ్రీ, క్షమించని కొడుకూ ఒకే గుడిసెలోనుంచి వచ్చారు. కాబట్టి ఇది ఒక్క క్రైస్తవం సమస్య కాదు. పీడితుడికి క్షమ నేర్పని మతం మన దేశంలో ఏది? తేడా ఏమిటంటే, మిషను క్షమతోపాటు పలకను కూడా ఇచ్చింది.

ఇప్పుడు మొదటి మాటకు, ఋణం అనే మాటకు, చరిత్రలో ఏమి జరిగిందో చూడాలి. మద్రాసు రాజధానిలో రాజగోపాలాచారి మంత్రివర్గం 1938లో వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం చేసింది. పాత అప్పుల మీద పేరుకుపోయిన వడ్డీని కొట్టివేసింది. కాని ఆ చట్టం దృష్టిలో వ్యవసాయదారుడంటే భూమిలో హక్కు ఉన్నవాడు. భూమి లేని పాలేరు వ్యవసాయదారుడు కాడు. నాగలి పట్టేవాడికి వ్యవసాయదారుడనే పేరు దక్కలేదు. అతని అప్పు అలాగే ఉండిపోయింది. నిజాం రాజ్యంలో బగేలా అనే కట్టుబానిసత్వాన్ని క్రమబద్ధం చేస్తూ 1936లో ఒక శాసనం వచ్చింది. అది కాగితం మీద ఉండిపోయింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో రైతులు, కూలీలు దొరల గడీలలోని అప్పుపత్రాలు బయటికి లాగి తగులబెట్టారు. అదీ ఒక ఋణక్షమాపణే. క్షమించవలసినవాడు క్షమించకపోతే బాకీదారే పత్రం చింపినాడు. ఆ పోరాటం నడిచిన నాటి వరంగల్లు జిల్లాలోనే దోర్నకల్ ఉండేది. క్రైస్తవుల సంఘమూ సంఘమే, కమ్యూనిస్టుల సంఘమూ సంఘమే. పల్లె జనం రెంటికీ ఒకే మాట వాడారు. రెండూ రాత్రిపూట గుడ్డిదీపం దగ్గర కూర్చుని చదువుకున్న సంఘాలే.

కట్టుబానిసత్వాన్ని రద్దుచేసి, ఆ కింద ఉన్న అప్పు చెల్లదని దేశమంతటికీ ప్రకటించిన చట్టం 1976లో వచ్చింది. ప్రార్థనలో శతాబ్దంపాటు పలికిన కోరిక చట్టం పుస్తకంలో అక్షరాలయింది. అయితే చట్టం దానంతటది పల్లెకు నడిచిరాదు. విముక్తి కోరేవాడు అర్జీ రాయాలి. ఎప్పుడు కుదిరాడో, ఎంత తీసుకున్నాడో, ఎన్నేళ్ళు చేశాడో చెప్పాలి. చెప్పడానికి లెక్క కావాలి. పాలెం బడి విలువ అక్కడ తేలుతుంది.

క్షమాపణ ప్రశ్న ఇంతటితో తీరిపోలేదు. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో, మంచినీళ్ళ చెరువును మురికి చేయవద్దన్నందుకు మొదలైన తగాదాపై, భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. క్లౌ, పేరయ్య తిరిగిన ప్రాంతమే అది. ప్రాణాలు దక్కినవాళ్ళు చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. నాటికి ఆ చర్చి ఉండబట్టి నీడ దొరికింది. ఇది మనం మరవకూడదు. కాని ఆ నీడలో కూర్చున్నవాళ్ళు రాజీకి ఒప్పుకోలేదు. ఊరికి తిరిగిపోలేదు. దళిత మహాసభ పుట్టింది, ఉద్యమం నడిచింది, అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. చర్చి ఆవరణలో కూర్చుని, క్షమించమని ఎవరు చెప్పినా, ముందు నేరం ఒప్పుకోనివ్వండి అనగలిగిన జనం అది. ఆ జనాన్ని తయారుచేసిన వాటిలో వంద సంవత్సరాల పాలెం బడి కూడా ఒకటి.

మరొక లెక్క కూడా చెప్పాలి. 1950లో రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. చర్చికి పోయినవాడికి ఊళ్ళో కులం పోలేదు గాని, రికార్డులో పోయింది. చదువుకోవడానికి మతం మారిన తాతకు రాజ్యం వేసిన ఈ జరిమానాను మనుమడు కడుతున్నాడు. ఎవరు ఎవరికి ఋణపడ్డారు?

నేను క్షమకు వ్యతిరేకిని కాను. పగ ఒక్కటే నేర్పే విప్లవం తన బిడ్డలనే తింటుందని చరిత్ర మనకూ నేర్పింది. కాని క్షమ అనేది సమానుల మధ్య జరిగే పని. కొట్టినవాడు చేయి దించకముందే దెబ్బతిన్నవాడి చేత చెప్పించే క్షమ, అతనికి మరొక వెట్టి. ముందు లెక్క, తరువాత ఒప్పుకోలు, తరువాత చెల్లింపు. క్షమ వస్తే ఆ పైన రావాలి. చర్చి చాలాకాలం ఈ వరసను తలకిందులు చేసింది. చర్చి తయారుచేసిన పంతులే దానిని సరిచేయడానికి సాధనం ఇచ్చాడు.

ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ నా మనవి ఒకటుంది. పాలెం బడుల హాజరు పట్టీలు, ఇన్‌స్పెక్టర్లు రాసిన రిమార్కు పుస్తకాలు, సంఘాల పద్దులు ఎన్నో ఊళ్ళలో చెదలు పట్టిపోతున్నాయి. ఆ పంతుళ్ళ పేర్లు వాళ్ళ మనుమలకు తప్ప ఎవరికీ తెలియవు. సెలవులలో ఆ పల్లెలకు పోయి, ఆ కాగితాలను చూసి, ఆ వృద్ధుల మాటలు రాసుకోవాలి. ఏ ఊరికి మొదట పంతులు ఎప్పుడు వచ్చాడు? ఎవరు నోటు చదివి చెప్పాడు? ఎవరు మొదటి అర్జీ రాశాడు? ఆ సమాధానాలు పోగుచేస్తే తెలుగు శ్రామిక ప్రజల విద్యాచరిత్రలో మొదటి సంపుటం తయారవుతుంది. ఆలస్యం చేసేకొద్దీ అందులో పుటలు తగ్గిపోతాయి.